కెమెరా కొనే ముందు ఫ్యాన్ ఆపండి

హన్మకొండలో ట్యూషన్ చెప్పే సారైనా, ములుగు పక్కన ఊళ్లో సైన్స్ చెప్పే టీచరమ్మైనా, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాఠం వీడియో చేద్దామనుకోగానే మొదట అడిగే మాట ఒక్కటే: "ఏ కెమెరా కొనాలె?" తర్వాత రింగ్ లైటు. ఆ తర్వాత వెనక కట్టే ఆకుపచ్చ గుడ్డ. ఆఖరికి వీడియో మొదట్లో గిరగిరా తిరుగుతూ వచ్చే పేరు. మైకు సంగతి చివరన ఎక్కడో ఉంటుంది. గది సంగతి ఎవరికీ తట్టదు.

ఈ వరస తలకిందులుగా ఉంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. మీకు బాగా నచ్చిన పాఠం వీడియో పెట్టి, ఫోన్ బోర్లా వేసి రెండు నిమిషాలు వినండి. తర్వాత అదే వీడియోను సౌండు పూర్తిగా తగ్గించి రెండు నిమిషాలు చూడండి. మొదటిసారి సగానికి పైగా పాఠం చేతికి వస్తుంది. రెండోసారి ఒక మనిషి నోరు కదిలిస్తూ గీతలు గీయడమే కనిపిస్తుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. మాట గింగురుమంటుంటే మాత్రం అర నిమిషంలో వేలితో పైకి జరిపేసి వేరేదానికి పోతారు. అందుకే మొదటి వీడియోకు పెట్టే డబ్బూ, శ్రమా, నిద్ర మానుకునే గంటలూ ముందు చెవికి పోవాలి. కంటి వంతు తర్వాత.

కరోనాకు బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, సర్కారు పాఠాల చానల్ టీ-శాట్‌లో బడి పాఠాలు వచ్చినప్పుడు అందరం చూశాం. అవి స్టూడియోలో చేసినవి. మాటను శుభ్రంగా ఉంచే పని అక్కడ సగం గోడలే చేసిపెడతాయి. ఇంట్లో ఆ పని మనం చేసుకోవాలి.

గోడలు మాట్లాడకుండా చూడడం

మన ఇళ్లలో గది అంటే పైన స్లాబు, కింద టైల్సు, నాలుగు వైపులా నున్నటి గోడలు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు చివర "ఠంగ్" మంటూ తోక వినిపిస్తే, మీ ప్రతి మాటకూ అదే తోక అంటుకుంటుంది. ఫ్యాన్ మోతకూ ఈ తోకకూ పెద్ద తేడా ఉంది, అది తెలియకనే చాలామంది సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పడతారు. ఫ్యాన్ మోత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టి చాలావరకు తీసేస్తుంది. గది గింగురు మీ గొంతే, గోడకు తగిలి ఒక క్షణం ఆలస్యంగా తిరిగొచ్చిన మీ గొంతు. రెండింటినీ విడదీయమంటే ఉచిత సాఫ్ట్‌వేర్లు గొంతును కూడా కొరికేస్తాయి. కాబట్టి గింగురును రికార్డు చేయకముందే ఆపాలి.

దానికి మందు మన ఊళ్లోనే నేస్తారు. వరంగల్ కొత్తవాడ నూలు జంపఖానాలు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినవి, దళసరిగా ఉంటాయి. ఒకటి మీ వీపు వెనక గోడ ముందు, ఇంకొకటి మీ మొహానికి ఎదురుగా దండెం కట్టి వేలాడదీయండి. గోడకు ఆనించి మేకులు కొట్టకుండా నాలుగైదు అంగుళాల ఖాళీ వదిలితే ఇంకా బాగా పనిచేస్తాయి. కొత్తది కొననక్కర్లేదు, పెట్టెలో మడిచి పెట్టిన పాతదైనా చాలు. జంపఖానా లేకపోతే బొంత, పరుపు, చలికాలం రగ్గు, ఏదైనా సరే బరువైన గుడ్డ కావాలి. పల్చటి దుప్పటి, చీర పనికిరావు, వాటిలోంచి చప్పుడు దూరిపోతుంది. ఏమీ కుదరకపోతే బట్టలు నిండుగా ఉన్న బీరువా రెండు తలుపులూ తీసి, ఆ బట్టల వైపు తిరిగి చదవండి. ఇనుప బీరువా అయితే తలుపులు గలగలమనకుండా మధ్యలో గుడ్డ దోపాలి. మైకు టేబుల్ మీద ఉంటే దాని కింద నాలుగు మడతల తువ్వాలు వేయండి. నున్నటి టేబుల్ కూడా ఒక గోడే. మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి. ఈసారి చప్పుడు "టప్" మని ఆగిపోవాలి.

ఇక ఫ్యాన్. మే నెల ఎండలో ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, చుట్టూ జంపఖానాలు కట్టుకుని కూర్చోమంటే అది శిక్షే. అందుకని మాటనూ బొమ్మనూ ఒకేసారి రికార్డు చేయాలన్న పట్టుదల వదిలేయండి. ఇంటి వీడియోకు ఇంతకన్నా పనికొచ్చే సలహా లేదు. ముందు గొంతు మాత్రమే రికార్డు చేసుకోవాలి. ఐదు నిమిషాల పాఠానికి తప్పులూ తిరిగి చదవడాలూ కలిపి పన్నెండు, పదిహేను నిమిషాలు ఫ్యాన్ ఆపితే చాలు. తర్వాత ఫ్యాన్ వేసుకుని, చల్లగా, ఆ గొంతు వింటూ చేతితో రాసే బొమ్మ తీసుకోవచ్చు. ఆ బొమ్మతో వచ్చే చప్పుడును ఎలాగూ పారేస్తాం.

ఏ టైంలో చదవాలన్నది మీ గల్లీ చెప్పాలి. తెల్లారుజామున గుడి మైకు, నీళ్ల మోటర్లు. ఏడింటికి చెత్త బండి పాట. కాజీపేట వైపు ఉంటే రైళ్లు ఏ వేళా మనవి కావు. రాత్రి పదిన్నర దాటాక కుక్కలు ఒప్పుకుంటే అదే మంచి వేళ. ఒకరోజు గంట గంటకూ రెండు నిమిషాలు ఊరికే రికార్డు చేసి వింటే తెలిసిపోతుంది. చెవి అలవాటుపడి వదిలేసే చప్పుళ్లను మైకు వదలదు. పక్క గదిలో ఫ్రిజ్జు గుర్రుమంటుంటే ఆపండి, కానీ ఆపేటప్పుడు బండి తాళంచెవి ఫ్రిజ్జులో పెట్టండి. లేకపోతే మళ్లీ వేయడం మరిచిపోతారు, పాలు విరుగుతాయి.

మైకు, జాక్, గుయ్యిమనే చప్పుడు

వెయ్యి రూపాయల లోపు దొరికే, చొక్కాకు తగిలించుకునే తీగ మైకు మొదటి వీడియోకు సరిపోతుంది. దాన్ని గడ్డానికి జానెడు కింద, మధ్యలో కాకుండా కొంచెం పక్కకు తగిలించాలి. ఎదురుగా ఉంటే "ఫలితం", "భాగం", "ఘనపరిమాణం" లాంటి ఒత్తక్షరాల దగ్గర ఊపిరి నేరుగా మైకును కొట్టి "బుస్" మంటుంది. తెలుగులో సైన్స్ చెబితే ఒత్తక్షరాలు అడుగడుగునా వస్తాయి. మెడలో గొలుసు, నూలు చీర గంజి మడత మైకుకు రాసుకుంటే వచ్చే గరగర ఏ సాఫ్ట్‌వేర్‌కూ పోదు. గొలుసు తీసేయండి.

జాక్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఫోన్ కోసం చేసిన మైకు పిన్ను మీద నల్ల గీతలు మూడు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో మైకుకూ ఇయర్‌ఫోనుకూ కలిపి ఒకే రంధ్రం ఉంటే అది నేరుగా పనిచేస్తుంది. డెస్క్‌టాప్ వెనక గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు రంధ్రాలు విడివిడిగా ఉంటే ఆ పిన్ను గులాబీలో పెట్టినా మాట రాదు, వచ్చినా లోతైన బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఒక పిన్నును రెండుగా విడదీసే చిన్న తీగ కావాలి, మొబైల్ షాపుల్లో దొరుకుతుంది. మైకు పెట్టాక కంప్యూటర్ నిజంగా దాన్నే వింటోందా అని చూసుకోవడానికి వేలితో మైకును మెల్లగా తట్టండి. తెరమీద గీత ఎగరకపోతే, కంప్యూటర్ ఇంకా ల్యాప్‌టాప్ లోపలి మైకునే పట్టుకుని కూర్చుంది. చాలా మొదటి వీడియోలు ఈ ఒక్క తప్పుతోనే పాడవుతాయి.

రికార్డు చేసేటప్పుడు వెనక సన్నగా "గుయ్య్" మంటుంటే చార్జర్ తీసి చూడండి. ఆ మోత ఆగిందంటే దోషం మైకుది కాదు, చాలాసార్లు ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా ఉండదు. బ్యాటరీ మీద రికార్డు చేసుకుంటే సరి. డెస్క్‌టాప్ అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. అది వీడియో కోసం మాత్రమే కాదు, మీ క్షేమం కోసం కూడా.

గొంతు రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. మోనో, అంటే ఒకే వరస శబ్దం, పెట్టుకోండి, 48,000 హెర్ట్జ్ పెట్టుకోండి, ఎందుకంటే వీడియో సాఫ్ట్‌వేర్లు ఆ లెక్కలోనే నడుస్తాయి. మామూలుగా మాట్లాడుతుంటే మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. సున్నాను తాకితే ఆ మాట తల తెగిపోయినట్టే, తర్వాత ఎంత తగ్గించినా చిరిగిన శబ్దం అలాగే ఉంటుంది. మొదలుపెట్టే ముందు పది సెకన్లు నోరు మూసుకుని కూర్చోండి. ఆ పది సెకన్ల మౌనం రెండు పనులకు వస్తుంది: మోత తీసేయడానికి నమూనాగా, కోసిన చోట ఖాళీ పూడ్చడానికి అతుకుగా. తప్పు పోతే రికార్డింగు ఆపకండి. ఒక చిటిక వేసి, ఆ వాక్యం మొదటి నుంచీ మళ్లీ చదవండి. చిటిక వేసిన చోట గీత సూదిలా లేస్తుంది, కోసేటప్పుడు తప్పులు ఎక్కడున్నాయో చూడగానే కనబడతాయి.

శుభ్రం చేసే వరస ఇది. ముందు లోతైన శబ్దాలను ఆపే హై-పాస్ ఫిల్టరు 100 హెర్ట్జ్ దగ్గర పెడితే, దూరంగా పోయే లారీల గుమగుమలు పోతాయి. తర్వాత ఆ పది సెకన్ల మౌనాన్ని సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో దాన్ని నమూనాగా తీసుకుని, మొత్తం సెలెక్ట్ చేసి 6 నుంచి 12 డెసిబెల్స్ వరకే తగ్గించండి. 20, 24 పెడితే మోత పూర్తిగా పోతుంది కానీ మీ గొంతు నీళ్లలో మునిగిన రోబో గొంతవుతుంది. కాస్త మోత మిగిలితే మిగలనివ్వండి. చివర్న, మాట బిగ్గరతనాన్ని సరిచేసే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (బిగ్గరతనం కొలత) దగ్గర. ఈ ఆఖరి మెట్టు వదిలేస్తే, మీ పాఠానికి ముందు వచ్చే యాడ్ చెవులు బద్దలు కొడుతుంది, మీ పాఠం మాత్రం గుసగుసలా ఉంటుంది. యూట్యూబ్ పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుందే తప్ప, సాధారణంగా చిన్న శబ్దాన్ని పెంచదు.

పుస్తకం మాట, నోటి మాట

గది బాగుండి, మైకు బాగుండి, చదివేది పుస్తకంలోని వాక్యమే అయితే శ్రమంతా వృథా. సాంద్రత పాఠం తీసుకుందాం. పుస్తకం ధోరణి ఇలా ఉంటుంది: "ప్రమాణ ఘనపరిమాణం గల పదార్థపు ద్రవ్యరాశిని ఆ పదార్థ సాంద్రత అంటారు." తప్పేమీ లేదు. చదువుకునేటప్పుడు కన్ను వెనక్కి పోయి మళ్లీ చూసుకోగలదు కాబట్టి పుస్తకంలో అది నడుస్తుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. "గల" దగ్గరికి వచ్చేసరికి "ప్రమాణ" ఎగిరిపోతుంది.

అదే నోటి మాటలో: "రెండు డబ్బాలున్నయి. రెండూ ఒకటే సైజు. ఒకదాంట్ల పత్తి నింపినం. ఇంకోదాంట్ల వాగు ఇసుక నింపినం. ఎత్తి చూస్తే ఏది బరువుంటది? ఇసుక డబ్బా. జాగ రెండింటికీ ఒక్కటే, బరువులే వేరే. ఒక్కో ఘనపు సెంటీమీటరు జాగల ఎంత బరువు పట్టిందో చెప్పే లెక్కనే సాంద్రత." మాటలు ఎక్కువయ్యాయి. అయితేనేం, ప్రతి వాక్యం ఒక్క సంగతే మోస్తోంది. పత్తి బస్తా ఎంత ఉబ్బుగా ఉన్నా ఎంత తేలికో ఏనుమాముల మార్కెట్టుకు ఒక్కసారి పోయిన పిల్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: పరీక్షలో "జాగ" అని రాస్తే మార్కులు వేస్తారా? వేయరు. అందుకే పాఠంలో పారిభాషిక పదం పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి: సాంద్రత, ద్రవ్యరాశి, ఘనపరిమాణం. దాని చుట్టూ ఉన్న మాట మాత్రం ఇంటి మాట కావాలి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చి, రెండు భాషల పుస్తకాలు చేతికొచ్చాయి కాబట్టి, "డెన్సిటీ, అంటే సాంద్రత" అని మొదటిసారి రెండూ కలిపి పలకండి, తర్వాత ఒకదానికే కట్టుబడండి. ఒక వాక్యంలో డెన్సిటీ, ఇంకో వాక్యంలో సాంద్రత అంటే అవి రెండు వేర్వేరు సంగతులనుకునే పిల్లలున్నారు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడే పిల్లలకు ఈ నియమం ఇంకా ముఖ్యం. వాళ్లకు పుస్తకం తెలుగే రెండో భాష.

రాసుకునే పద్ధతి సులువైనదే. కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమ వైపు చెప్పేది, కుడి వైపు అదే సమయానికి కనిపించేది. కుడివైపు ఖాళీగా ఉన్న చోట బొమ్మ అక్కర్లేదు, ఖాళీ కాగితమో చెయ్యో ఉంటే చాలు. ఎడమ వైపున్న వాక్యాన్నే కుడి వైపు మళ్లీ రాయకండి. మాటలో వినిపించేదే తెర మీద అక్షరం అక్షరం కనిపిస్తే, పిల్ల రెంటినీ పోల్చుకుంటూ కూర్చుంటుంది. తెర మీద మూడు నాలుగు మాటలు, ఒక బొమ్మ, ఒక లెక్క, అంతే. నిదానంగా చదివితే నిమిషానికి సుమారు వంద తెలుగు మాటలు పడతాయి. ఐదు నిమిషాలకు ఐదువందలు. రాసింది ఎనిమిదొందలు దాటితే వేగంగా చదవకండి, రెండు వీడియోలు చేయండి.

ఐదు నిమిషాలే ఎందుకంటే, 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ అనే పరిశోధకులు ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణల లెక్క తీశారు. వీడియో ఎంత పొడుగున్నా, చూసిన సమయం మధ్యస్థం ఆరు నిమిషాలు దాటలేదు. అవి పెద్ద చదువుల కోర్సులు, మన ఎనిమిదో తరగతి పిల్లలు కారు. అయినా అదే పరిశీలనలో తేలిన ఇంకో సంగతి మన వాదనకు దగ్గరగా ఉంది: ఖర్చు పెట్టి స్టూడియోలో తీసినవాటికన్నా బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవి ఎక్కువసేపు చూశారు. స్లైడ్లకన్నా చేతితో రాస్తూ చెప్పినవి ఎక్కువసేపు చూశారు. న్యాయంగా చెప్పాలంటే, ఉత్త స్లైడ్ల కన్నా మధ్యమధ్యలో మొహం కనిపించిన వీడియోలు మేలన్నది కూడా అందులో ఉంది. మొదటి వీడియోలో మొహం వద్దు, చెయ్యి చాలు అనే నాలాంటి వాళ్లకు అది ఎదురు సాక్ష్యమే. కానీ ఇంట్లో మొదటి వీడియోకు మొహం తీయడమంటే వెలుగు, వెనక గోడ, చూపు ఎటు పోతోంది, కాగితం చూసి చదువుతున్నట్టుందా, ఇన్ని తలనొప్పులు. రాసే చెయ్యి కనిపించినా అక్కడ ఒక మనిషి ఉన్నాడని పిల్లలకు తెలుస్తుంది. చెయ్యి సిగ్గుపడదు కూడా.

స్టూలు కింద కాగితం

ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ స్టూలుకు మధ్యలో రంధ్రం ఉంటుంది. ఫోన్ కెమెరా ఆ రంధ్రం మీదికి వచ్చేలా, తెర పైకి ఉండేట్టు వెల్లకిలా పెట్టండి. కింద నేల మీద కాగితం. స్టూలు ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లుంటే ఫోన్ కెమెరాకు అర మీటరు కన్నా ఎక్కువ వెడల్పు కనిపిస్తుంది. ఎ4 కాగితం అడ్డంగా పెడితే 30 సెంటీమీటర్లే, కాబట్టి 2ఎక్స్ జూమ్ పెట్టండి. స్టూలు కాళ్లు, రంధ్రం అంచులు కూడా బొమ్మలోంచి తప్పుకుంటాయి. నేల మీద కూర్చుని స్టూలు కాళ్ల మధ్య నుంచి చెయ్యి పెట్టి రాయడం మొదట ఇబ్బందే. పది నిమిషాల్లో అలవాటవుతుంది. మోకాలు తగిలితే బొమ్మంతా ఊగుతుంది, అది గుర్తుంచుకోండి.

కాగితం నాలుగు మూలలా టేపు వేయండి, ఫ్యాన్ గాలికి లేస్తుంది. తెల్లటి కాగితం కన్నా కొంచెం పసుపు తిరిగిన కాగితం మేలు. పూర్తి తెలుపు ఉంటే ఫోన్ భయపడి వెలుగు తగ్గిస్తుంది, చెయ్యి నల్లగా పడుతుంది. బాల్ పెన్ను గీత తెర మీద వెంట్రుకలా ఉంటుంది, నల్ల స్కెచ్ పెన్ను వాడండి. రికార్డింగు మొదలుపెట్టే ముందు తెర మీద కాగితం ఉన్న చోట వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ తాళం పడతాయి. ఈ ఒక్క పని మరిచిపోతే, చెయ్యి లోపలికి వచ్చినప్పుడల్లా కాగితం ఒకసారి మసకబారి, ఒకసారి తెల్లబారి, చూసేవాళ్లకు తల తిరుగుతుంది.

వెలుగు ఎడమ వైపు నుంచి రావాలి, కుడి చేత్తో రాసేవాళ్లకు. లేకపోతే రాస్తున్న అక్షరం మీదే చెయ్యి నీడ పడుతుంది. ఫ్యాన్ పైన బల్బు ఉంటే దాన్ని ఆపేయండి, రెక్కల నీడ కాగితం మీద టకటకా కొట్టుకుంటుంది. బొమ్మలో సన్నటి పట్టీలు మెల్లగా పైకి పాకుతుంటే అది బల్బు, కెమెరాల మధ్య పోట్లాట. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ బల్బులు దానికి రెట్టింపు, 100 సార్లు మినుకుమంటాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెట్టండి. వెబ్‌క్యామ్ అయితే దాని సెట్టింగుల్లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 60 అని ఉంటుంది, 50కి మార్చాలి. ఇవన్నీ ఎందుకనుకుంటే పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి. కిటికీ వెలుగుకు ఏ పట్టీలూ రావు.

ఇప్పుడు ముందే శుభ్రం చేసిపెట్టుకున్న గొంతును కంప్యూటర్ స్పీకర్లో పెద్దగా పెట్టి, వింటూ రాయండి. ఇయర్‌ఫోన్ వద్దు. స్పీకర్ మాట ఫోన్ రికార్డింగులో కూడా పడాలి, ఎందుకో కోసేటప్పుడు తెలుస్తుంది. చెయ్యి వెనకబడితే గొంతును కాసేపు ఆపండి. మధ్యలో వచ్చిన ఆ ఆలస్యాన్ని తర్వాత కోసేయొచ్చు.

ప్రయోగం చూపాలంటే కాగితం తీసేసి గ్లాసు పెట్టండి, ఫోన్‌ను గ్లాసు ఎత్తులో పక్క నుంచి పుస్తకాల దొంతర మీద నిలబెట్టండి. మామూలు నీళ్లలో కోడిగుడ్డు మునుగుతుంది. పావు లీటరు నీళ్లకు ఐదారు చెంచాల ఉప్పు పూర్తిగా కరిగేదాకా కలిపితే అదే గుడ్డు తేలుతుంది. గ్లాసు వెనక ముదురు రంగు గుడ్డ పెట్టండి, తెల్ల గోడ ముందు నీళ్ల అంచు కనిపించదు. గుడ్డు నెమ్మదిగా పైకి వచ్చే ఆ ఐదారు సెకన్లలో నోరు మెదపకండి. ఆ తర్వాత, పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరపు ఇటుకలు నీళ్లలో తేలతాయని ఊళ్లో అందరూ చెప్పుకునే మాట దగ్గరికి రావచ్చు. ఇటుక తేలాలంటే దాని సాంద్రత నీళ్లకన్నా, అంటే ఘనపు సెంటీమీటరుకు 1 గ్రాము కన్నా, తక్కువ ఉండాలి. మామూలు ఇటుకకు అది దాదాపు రెట్టింపు. ఎందుకు తేడా అన్న ప్రశ్న వేసి మూడు సెకన్లు ఖాళీ వదలండి. ఎడిట్ చేసేటప్పుడు ఆ ఖాళీని చూసి చెయ్యి దురద పెడుతుంది. కోయకండి.

అతకడం

ఎడిటింగుకు షాట్‌కట్ ఉచితం, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. పేరున్న పెద్ద సాఫ్ట్‌వేర్ల జోలికి మొదట్లోనే పోతే కంప్యూటర్ మొరాయిస్తుంది, మీ ఉత్సాహం చస్తుంది. మొదటి పని వీడియో మోడ్‌ను చేత్తో ఎంచుకోవడం: 1080పీ, 30 ఫ్రేములు. ఆటోమేటిక్‌లో వదిలేస్తే, మొదట వేసిన క్లిప్పు ఎలా ఉంటే మొత్తం వీడియో అలాగే తయారవుతుంది. ఆ క్లిప్పు నిలువుగా తీసిందైతే పాఠమంతా నిలువే. ఫోన్ వీడియో తెచ్చిపెడితే "ఎడిట్‌కు అనువుగా మార్చాలా" అని అడుగుతుంది, ఒప్పుకోండి. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని తమ ఇష్టం వచ్చినట్టు పెంచి తగ్గిస్తాయి. మార్చకపోతే మొదటి నిమిషంలో సరిగా ఉన్న మాట, ఐదో నిమిషానికి చేతికన్నా ముందుకో వెనక్కో జారిపోతుంది.

శుభ్రమైన గొంతు ఒక వరసలో, ఫోన్ వీడియో ఇంకో వరసలో. రెండింట్లోనూ అదే మాట ఉంది కాబట్టి రెండు గీతల ఎగుడుదిగుళ్లు ఒకేలా కనిపిస్తాయి. అవి కలిసేదాకా జరిపి, ఫోన్ సౌండును మూసేయండి. గొంతు ఆపిన చోట్ల 'ఎస్' నొక్కి కోయండి, 'ఎక్స్' నొక్కి తీసేయండి. మొదటి వీడియోకు ఈ రెండు మీటలు నేర్చుకుంటే పని జరుగుతుంది. ఒక పాఠానికి ఒక ఫోల్డరు పెట్టి, అన్నీ అందులోనే ఉంచండి. ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు, వీడియో ఎక్కడుందన్న చిరునామా ఉంటుంది. సగంలో ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి మార్చారంటే తెర మీద ఎర్ర గుర్తులు వరస కడతాయి.

కంప్యూటర్ తెరనే చూపాల్సిన పాఠాలకు, అంటే జియోజీబ్రాలో రేఖాగణితం లాంటివాటికి, తెరను రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ ఉంది. రికార్డింగు ఫైలు రకం ఎంకేవీలోనే పెట్టండి. ఎంపీ4లో పెడితే మధ్యలో కరెంటు పోయినప్పుడు ఫైలు తెరుచుకోదు, ఎందుకంటే మామూలు ఎంపీ4కు విషయసూచిక చివర్లో రాస్తారు. అయిపోయాక ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు, అర నిమిషం పని. నోటిఫికేషన్లు ఆపండి, లేకపోతే పైథాగరస్ సిద్ధాంతం మధ్యలో బ్యాంకు ఓటీపీ వచ్చి కూర్చుంటుంది. తెర నల్లగా రికార్డయితే చాలాసార్లు ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుండడమే కారణం. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఓబీఎస్‌ను పవర్ సేవింగ్‌లో పెట్టి చూడండి.

తెలుగు అక్షరాలు తెర మీద వేసేటప్పుడు ముందు "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" అని టైపు చేసి చూడండి. వత్తులు విడిపోయి పక్కపక్కన కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అల్లడం రాదు. దానితో తగువు పెట్టుకోవడం దండగ. లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్‌లో రాసి, పీఎన్‌జీ బొమ్మగా తీసి, వీడియోలో బొమ్మలా అతికించండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర తెర మీద బాగా నిలబడతాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటరును కాపీ చేస్తే గజిబిజి గుర్తులే వస్తాయి, అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల లెక్క, కాదు. అక్షరం ఎత్తు 1080 గీతల తెర మీద కనీసం 60 గీతలు ఉండాలి. వరసల మధ్య ఒకటిన్నర రెట్లు ఖాళీ వదలాలి, లేదంటే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.

వెనక సంగీతం గురించి ఎక్కువ చెప్పను: వద్దు. 2000లో మొరెనో, మేయర్ చేసిన ప్రయోగాల్లో, పాఠం వెనక సంగీతం కలిపితే విన్నవాళ్లకు గుర్తున్నది తగ్గింది. మొదట్లో తిరిగే పేరు మూడు సెకన్లు దాటకూడదు. సినిమా పాట ముక్క పెడితే హక్కుల గొడవ వేరే.

ఆఖరికి ఎగుమతి. మీ పిల్లలు చూసేది ఫోన్‌లో, అమ్మానాన్నల డేటాతో. 720పీలో సెకనుకు వీడియోకు 1,200, మాటకు 100 కిలోబిట్లు పెడితే ఐదు నిమిషాల పాఠం దాదాపు 50 ఎంబీ అవుతుంది. చెయ్యి, కాగితం, నాలుగు అక్షరాలకు అంతకన్నా అక్కర్లేదు. మాట దగ్గర మాత్రం 100 కన్నా దిగకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ నలిపేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. బడిలో టీవీకి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలంటే హెచ్.264 ఎంపీ4 ఇవ్వండి, పాత టీవీలు హెచ్.265ను తెరవవు.

పంపే ముందు, ఉన్నవాటిలో చవక ఫోన్ తీసుకుని వంటింట్లో పెట్టండి, పైన ఫ్యాన్, పొయ్యి మీద కుక్కర్. ఫోన్ బోర్లా వేసి, పాఠం తెలియని ఎవరినైనా విని చెప్పమనండి: గ్లాసులో నీళ్లెన్ని, ఉప్పు ఎన్ని చెంచాలు, నీళ్ల సాంద్రత ఎంత? ఏ అంకె దగ్గర తడబడ్డారో ఆ వాక్యం ఒక్కటే మళ్లీ చదవండి. రేపటికి వాయిదా వేయకండి, రేపు మీ గొంతు వేరేగా ఉంటుంది, మైకు జానెడు కాకుండా బెత్తెడు దూరంలో ఉంటుంది, అతుకు తెలిసిపోతుంది. జంపఖానాలు ఇంకా విప్పలేదు కదా, ఫ్యాన్ మళ్లీ ఆపండి.